'పాస్' అంటే పరీక్ష ఒక్కటేనా?

ఇంగ్లీషు నేర్చుకుందాం: ఒక మాట, పది అర్థాలు



మన బడిలో చిన్న తరగతి నుంచి పదో తరగతి దాకా అందరికీ తెలిసిన ఇంగ్లీషు మాట ఏది? ఏబీసీడీలు పూర్తిగా రాని పిల్లాడు కూడా 'పాస్' అనే చెబుతాడు. వేసవి సెలవులకి ఊరు వెళ్తే చాలు, ఎదురైన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే ప్రశ్న. "ఏటి బాబూ, పాసయ్యేవా?" అడిగిన తాత ఏనాడూ బడి మొహం చూసి ఉండడు. అయినా ఆ మాట ఆయన నోట్లో చక్కగా పలుకుతుంది. చివర 'ఉ' తగిలించి, 'పాసు' చేసి, దాన్ని మన ఇంటి మాట చేసేసుకున్నాం.

మరి ఇంత దగ్గర మాటకి మనకి తెలిసిన అర్థం ఒక్కటే. పరీక్షలో నెగ్గడం. కానీ ఇంగ్లీషు పుస్తకంలోనో, పేపర్లోనో ఈ మాట కనిపించిన ప్రతిచోటా 'పరీక్ష నెగ్గడం' అని అర్థం చెప్పుకుంటే కథ అడ్డం తిరుగుతుంది. "టూ డేస్ పాస్డ్" అంటే రెండు రోజులు పరీక్ష నెగ్గాయని కాదు కదా! అంచేత ఈసారి పాఠంలో ఈ ఒక్క మాటనే పట్టుకుని, దాని పుట్టుక ఏమిటో, అది ఎక్కడెక్కడ ఏ వేషం వేస్తుందో చూద్దాం. చివరికి మళ్ళీ పరీక్ష దగ్గరికే వద్దాం. అక్కడ మనకి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది.

మాట పుట్టుక

'పాస్' పుట్టిల్లు ఇంగ్లండు కాదు. రోము నగరంలో పూర్వం మాట్లాడిన భాష లాటిన్. ఆ భాషలో 'పాసుస్' అంటే అడుగు, నడిచేటప్పుడు వేసే అడుగు. దాని నుంచి ఫ్రెంచి భాషలో 'అడుగు వేసి ముందుకు పోవడం, దాటడం' అనే అర్థంలో ఒక క్రియ పుట్టింది. 1066లో ఫ్రాన్సు ఒడ్డు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండుని గెలిచారు. ఆ తర్వాత చాలాకాలం అక్కడి రాజసభలో ఫ్రెంచి మాటే చెల్లింది. అలా వేలాది ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయి. వాటిలో మన 'పాస్' ఒకటి.

ఆ అడుగుకే ఇంకో మనవడు ఉన్నాడు. రోమన్ సైనికులు దూరాన్ని అడుగులతో కొలిచేవారు. ఎడమకాలు ఎత్తిన చోటు నుంచి మళ్ళీ ఎడమకాలు ఆనిన చోటు దాకా ఒక 'పాసుస్'. ఇంచుమించు మీటరున్నర. అలాంటివి వెయ్యి అయితే 'మిల్లే పాసుస్'. 'మిల్లే' అంటే వెయ్యి. ఆ 'మిల్లే' నుంచే 'మైలు' వచ్చింది. రోడ్డు పక్కన మైలురాయి చూసినప్పుడల్లా ఇది గుర్తు చేసుకోండి. ఆ రాయి వెనక వెయ్యి అడుగులున్నాయి.

కాబట్టి ఈ పాఠానికంతటికీ తాళంచెవి ఒక్కటే: పాస్ అంటే అడుగు వేసి దాటడం. ఇటువైపు నుంచి అటువైపుకి పోవడం. ఇక ముందు వచ్చే అర్థాలన్నీ ఈ ఒక్క బొమ్మలోంచే పుట్టాయి.

ఒక మాటకి ఇన్ని అర్థాలా?

"ఇంగ్లీషు వాళ్ళకి మాటలు కరువా మాస్టారూ? ఒక్క మాటని ఇన్ని చోట్ల వాడతారెందుకు?" అని మీరు అడగొచ్చు. ఈ గుణం ఇంగ్లీషు ఒక్కదానిదే కాదు. మన 'పట్టు' అనే మాటని చూడండి.

చేప పట్టాడు. ముసురు పట్టింది. నిద్ర పట్టలేదు. గంట పట్టింది. బూజు పట్టింది. పిచ్చి పట్టింది. ఆ ఇంటికి శని పట్టింది. పట్టుచీర. తేనెపట్టు. పట్టు విడవని మనిషి.

ఇన్ని అర్థాలున్నా మనం ఎప్పుడైనా తికమక పడ్డామా? "నిద్ర పట్టింది" అంటే వల వేసి నిద్రని పట్టుకున్నారని ఎవరూ అనుకోరు. ఎందుకంటే పక్కన ఉన్న మాట అర్థం చెప్పేస్తుంది. మనిషి ఎలాంటివాడో అతని స్నేహితులని బట్టి తెలుస్తుంది. మాట అర్థం దాని పక్కమాటలని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషుకీ ఇదే సూత్రం. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో 'సెట్' అనే చిన్న క్రియకి 430 అర్థాలు ఇచ్చారు. అన్నీ బట్టీ పట్టిన ఇంగ్లీషువాడు ఒక్కడూ ఉండడు. మూలబొమ్మ తెలుసుకుని, పక్కమాట చూసి అందరూ అర్థం చేసుకుంటారు. మనమూ అదే దారిలో పోదాం.

వాడుకలు

1. దాటిపోవడం. ఇది అన్నిటికన్నా మొదటి అర్థం. "ది బస్ పాస్డ్ అవర్ స్కూల్" అంటే బస్సు మన బడి దాటి పోయింది. దారిలో మనిషి ఎదురై పక్క నుంచి వెళ్ళిపోయినా ఇదే మాట. బస్సులో, రైల్లో వెళ్ళే మనిషిని 'ప్యాసింజర్' అంటాం. అంటే దాటిపోయేవాడు, దారిన పోయేవాడు. మనవాళ్ళు ఆ పేరుని మనిషి మీంచి తీసి రైలుకి పెట్టేశారు. "కొత్తవలసలో ప్యాసింజర్ ఎక్కాం" అంటే ఎవరి భుజమో ఎక్కామని కాదు!

2. కాలం గడవడం. "టూ డేస్ పాస్డ్" అంటే రెండు రోజులు గడిచాయి. కాలం కూడా అడుగులు వేసుకుంటూ మనల్ని దాటి పోతుంది. బస్సుల్లో వేరుశెనగలమ్మే కుర్రాడు "టైంపాస్, టైంపాస్" అని అరిచేది ఇందుకే. కాలం గడిపే సరుకని దాని భావం. అయితే 'టైంపాస్' అని రెండు మాటలూ అంటించి వాడేది మన దేశంలోనే. పరీక్షలో రాసేటప్పుడు "టు పాస్ ది టైమ్" అని రాయండి. బాధ గురించి "ఇట్ విల్ పాస్" అంటే అదీ గడిచిపోతుంది, ఎల్లకాలం ఉండదు అని ధైర్యం చెప్పడం.

3. కనుమ. రెండు కొండల మధ్య దాటడానికి వీలైన దారిని ఇంగ్లీషులో 'పాస్' అంటారు. ఇక్కడ అది క్రియ కాదు, నామవాచకం. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ల మధ్య ఖైబర్ పాస్ గురించి సాంఘిక శాస్త్రంలో చదివే ఉంటారు. మనకి అంత దూరం పోనక్కర్లేదు. మాడుగుల మీదుగా పాడేరు వెళ్ళేటప్పుడు బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కే ఘాట్ అలాంటి దారే. మన దేశంలో ఇంగ్లీషు రాసేవాళ్ళు కూడా దాన్ని 'ఘాట్' అనే రాస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశాక మన చీడికాడ అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమయింది. అంటే ఇప్పుడు ఘాట్ దాటితే జిల్లా కూడా దాటినట్టే.

కనుమ విలువ ఏమిటో మన కొండలకి బాగా తెలుసు. గూడెం కొండల్లోకి రోడ్డు వెయ్యడానికి గిరిజనుల చేత బలవంతంగా, చాలీచాలని కూలికి పని చేయించడం 1922 నాటి తిరుగుబాటుకి ఒక ముఖ్య కారణం. ఆ ఏడు ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఆ దళం పొంచి ఉండి కొట్టిన దెబ్బకి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు చనిపోయారు. తుపాకులు ఎక్కువున్నవాడికన్నా కనుమ తెలిసినవాడిది పైచెయ్యి అయిన రోజు అది.

4. దాటనిచ్చే చీటీ. గేటు దగ్గర కాపలావాడు ఆపకుండా ఉండడానికి ఇచ్చే కాగితం కూడా 'పాస్'. మన హాస్టల్లో ఇంటికి వెళ్ళేటప్పుడు ఇచ్చే అవుట్‌పాస్, ఆర్టీసీ బస్‌పాస్, గుడిలో దర్శనం పాస్, విమానానికి బోర్డింగ్ పాస్ అన్నీ ఈ జాతివే. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలు, ఆడవాళ్ళు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో గుర్తింపు కార్డు చూపించి టికెట్టు డబ్బులు లేకుండా వెళ్తున్నారు. అంటే అక్కడ గుర్తింపు కార్డే పాసయింది. 'పాస్‌పోర్ట్'లో 'పోర్ట్' అంటే రేవు. రేవు దాటనిచ్చే పత్రం. 'పాస్‌వర్డ్'లో 'వర్డ్' అంటే మాట. పూర్వం సైనికుల శిబిరంలోకి వచ్చేవాడిని కాపలావాడు ఆపి రహస్యపు మాట అడిగేవాడు. చెబితే దారి, చెప్పకపోతే కత్తి. ఇప్పుడు కంప్యూటరు గదిలో ఆ కాపలావాడి పని కంప్యూటరే చేస్తోంది. కత్తి లేదు గానీ కోపం అలాగే ఉంది!

5. చేతులు మారడం. "పాస్ ది సాల్ట్" అంటే ఉప్పు ఇటు అందించు. బంతి ఆటలో "పాసివ్వరా!" అని అరుస్తామే, అదీ ఇదే. ఒక చేతి నుంచి ఇంకో చేతికి దాటించడం. "పాస్ ఆన్" అంటే విన్న కబురు ఇంకొకరికి అందించడం. "పాస్ డౌన్" అంటే పెద్దలు పిన్నలకి అందించడం. మన ధింసా అడుగులు ఏ పుస్తకంలోంచీ మనం నేర్చుకోలేదు. అమ్మమ్మలు అమ్మలకి, అమ్మలు మనకి అందించారు. చిత్రం చూడండి, అవి కూడా అడుగులే.

6. పాసు పుస్తకం. ఇది జాగ్రత్తగా చదవండి. బ్యాంకు నుంచి ఖాతాదారుకీ, ఖాతాదారు నుంచి బ్యాంకుకీ చేతులు మారుతూ తిరిగే పుస్తకం కాబట్టి దాన్ని 'పాస్‌బుక్' అన్నారు. ఆ పేరే భూమి పుస్తకానికీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1971లో భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం చేశారు. మన ఇళ్ళలో ఆ పుస్తకం ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంటుంది. అమ్మానాన్నలకి చదువు రాకపోతే అందులో ఏముందో ఇంట్లో ఎవరికీ తెలియదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఒకసారి తీసి చదివి వినిపించండి. ఖాతా నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పేరు. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, ఎకరాల దగ్గర సెంట్లు తగ్గినా నాన్నకి చెప్పండి. చదువుకున్న పిల్లలు ఇంటికి చెయ్యగలిగిన మొదటి సాయం ఇదే.

7. బిల్లు పాసవడం. చట్టసభలో ఒక బిల్లుని ఎక్కువమంది ఒప్పుకుంటే అది సభ దాటినట్టు. "పార్లమెంట్ పాస్డ్ ది బిల్." మనకి దగ్గర ఉదాహరణ అటవీ హక్కుల చట్టం. 2006 డిసెంబరు 15న లోక్‌సభ, 18న రాజ్యసభ దాన్ని పాస్ చేశాయి. 29న రాష్ట్రపతి ఆమోదించారు. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్లకి మించకుండా ఆ భూమి మీద హక్కు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. బిల్లు ఒక సభ దాటితే సరిపోలేదు, రెండు సభలు దాటి, రాష్ట్రపతి సంతకం కూడా కావాల్సి వచ్చింది చూశారా? అయితే "కాంట్రాక్టరు బిల్లు పాసయింది" అంటే చట్టం కాదు. డబ్బులివ్వడానికి ఆఫీసులో ఒప్పుకున్నారని. ఆ రెండు బిల్లులకీ తేడా పక్కమాటే చెబుతుంది.

8. తీర్పు, ఆర్డరు, మాట. "ది జడ్జ్ పాస్డ్ ఆన్ ఆర్డర్" అంటే జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. "డోంట్ పాస్ కామెంట్స్" అంటే ఒకళ్ళ మీద మాటలు విసరొద్దు. నోటి నుంచి దాటిన మాట మళ్ళీ వెనక్కి రాదు.

9. 'నాకు వద్దు' అనడం. క్విజ్ పోటీలో జవాబు తెలియకపోతే "పాస్" అంటాం. ప్రశ్న నన్ను దాటి పక్కవాడికి పోవాలని అర్థం. తమాషా ఏమిటంటే, పరీక్షలో పాసంటే జవాబు తెలిసినట్టు, క్విజ్‌లో పాసంటే జవాబు తెలియనట్టు. ఒకే మాట, రెండు ఎదురెదురు అర్థాలు.

10. ఆస్పత్రిలో. "యూరిన్ పాస్ అవుతోందా?" అని డాక్టరు అడుగుతారు. మూత్రం సాఫీగా వస్తోందా అని. ఈ వాడుక తెలియక ఒక ముసలమ్మ "మా యూరిన్ ఎవరు బాబూ? మా మనవడు మాత్రం పది పాసయ్యేడు" అందని ఒక నవ్వుల కథ ఉంది. నవ్వుకోండి గానీ, ముసలివాళ్ళతో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆ ప్రశ్నని తెలుగులో చెప్పే పని మీరు చెయ్యండి.

తోక మారితే అర్థం మారుతుంది

'పాస్' వెనకాల చిన్న మాట చేరితే అర్థం ఒక్కసారిగా మారిపోతుంది. ఈ జంటలని విడదీయకుండా ఒక్క మాటలాగే నేర్చుకోవాలి.

పాస్ అవే: చనిపోవడం. "హిజ్ గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవే." ఎవరైనా పోయినప్పుడు 'చచ్చిపోయాడు' అనకుండా 'కాలం చేశారు' అంటాం కదా, అలాంటి మర్యాద మాట ఇది.

పాస్ అవుట్: స్పృహ తప్పడం. ఇక్కడ మనవాళ్ళు చాలామంది జారిపడతారు. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024" అంటే మన దేశంలో 2024లో చదువు పూర్తి చేశానని. వేరే దేశంవాడు వింటే 2024లో స్పృహతప్పి పడిపోయావా అని కంగారు పడతాడు. సైన్యంలో శిక్షణ ముగిసినప్పుడు చేసే కవాతుని 'పాసింగ్ అవుట్ పరేడ్' అంటారు, అది వేరు. మీరు మాత్రం "ఐ కంప్లీటెడ్ టెన్త్ క్లాస్ ఇన్ 2024" అని రాస్తే ఎక్కడైనా చెల్లుతుంది.

పాస్ బై: పక్కగా వెళ్ళిపోవడం. దీన్ని తిప్పి 'బైపాస్' అంటే ఊళ్ళోకి రాకుండా పక్కనుంచి పోయే రోడ్డు. అనకాపల్లి బైపాస్ మీద లారీలు అలాగే పోతాయి. గుండెలో రక్తనాళం మూసుకుపోతే రక్తానికి పక్కదారి వేసే ఆపరేషన్ని కూడా 'బైపాస్' అన్నారు. రోడ్డుకీ గుండెకీ ఒకే ఆలోచన.

పాస్ ఫర్: ఇంకొకరిలా చెల్లిపోవడం. "షి కెన్ పాస్ ఫర్ ఎ టీచర్" అంటే ఆమెని చూస్తే టీచరే అనుకుంటారు.

ఇంకో జాగ్రత్త. 'పాస్డ్' అని చెవికి వినిపించే మాటకి రాతలో రెండు స్పెల్లింగులు ఉన్నాయి. చివర ఇ, డి అక్షరాలు ఉంటే అది క్రియ: దాటింది, గడిచింది, నెగ్గాడు. చివర ఎస్, టి అక్షరాలతో రాస్తే అది 'గతం' అనే మాట, లేదా 'దాటి' అనే అర్థం. గడియారంలో "హాఫ్ పాస్ట్ టెన్" అంటే పది దాటి అరగంట, పదిన్నర. ఈ రెండో రూపం కూడా 'పాస్' నుంచే పుట్టింది. గడిచిపోయినదే కదా గతం!

ఇంకొకటి. చెవికి ఒకేలా వినిపించినవన్నీ చుట్టాలు కావు. "అన్నం పాసిపోయింది" అంటామే, ఆ 'పాసి' అచ్చ తెలుగు 'పాచి'. దానికీ ఇంగ్లీషు 'పాస్'కీ ఏ సంబంధమూ లేదు. పరీక్ష పాసవ్వాలి, అన్నం పాసిపోకూడదు. అంతే!

ఇక పరీక్ష దగ్గరికి వద్దాం

ఇంతవరకూ చూసిన అర్థాలన్నిటిలో ఒకే బొమ్మ ఉంది. ఇటు నుంచి అటు దాటడం. పరీక్ష పాసవడం కూడా అదే బొమ్మ. ఒక తరగతి నుంచి పై తరగతికి అడుగు వెయ్యడం.

తెలుగులో మనం ఏమంటాం? "ఎలాగో గట్టెక్కాడు" అంటాం. ఏరు దాటి అవతలి గట్టు ఎక్కినవాడే గట్టెక్కినవాడు. వర్షాకాలంలో బొడ్డేరు దాటేవాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. మార్కుల జాబితా మీద 'ఉత్తీర్ణత' అని అచ్చులో ఉంటుంది. అది సంస్కృతం. అందులో 'తీర్ణ' అంటే దాటిన అని. తరించడం, అవతారం అనే మాటలు కూడా ఆ ధాతువు నుంచే వచ్చాయి. చూశారా? ఇంగ్లీషులో పాసయ్యాడు, సంస్కృతంలో ఉత్తీర్ణుడయ్యాడు, తెలుగులో గట్టెక్కాడు. మూడు భాషలవాళ్ళూ ఒకరినొకరు అడగకుండానే ఒకే బొమ్మ గీశారు.

మరి పాసవకపోతే? తెలుగులో "పది తప్పాడు" అంటాం. ఈ 'తప్పాడు' దగ్గర చాలామంది పిల్లలు, వాళ్ళ ఇంటివాళ్ళు కూడా పొరపడుతున్నారు. ఇందులో 'తప్పు చేశాడు' అనే అర్థం వెతుక్కుంటున్నారు. పక్కమాట చూడమని ఇందాక చెప్పుకున్నాం కదా! దారి తప్పాడు, గురి తప్పింది, లెక్క తప్పింది. ఈ వరసలోదే పరీక్ష తప్పడం. దొంగతనం చేస్తే తప్పు చేసినట్టు. పరీక్ష తప్పితే దారి తప్పినట్టు, అంతే. తప్పు చేసినవాడికి శిక్ష వేస్తారు. దారి తప్పినవాడికి ఎవరూ శిక్ష వెయ్యరు, దారి చూపిస్తారు. ఇంగ్లీషు 'ఫెయిల్' కూడా పాత ఫ్రెంచిలో 'తక్కువపడటం, గురి తప్పడం' అనే అర్థమున్న మాటే. ఏ భాషలోనూ అది నేరం కాదు.

మాటకి అర్థం సరిగ్గా తెలియకపోతే జీవితం కూడా పక్కకి పోతుంది. పది తప్పాక పుస్తకాలు అటకెక్కించేసి, చెరకు నరకడానికో, ఇటుక బట్టీకో వెళ్ళిపోయి మళ్ళీ రానివాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. ఆడపిల్లయితే పెళ్ళి చేసేస్తారు. కారణం అడిగితే "ఫెయిలయిపోనాది కదా" అంటారు, ఏదో ముగిసిపోయినట్టు. వందకి 35 వస్తే పాసు. 34 దగ్గర ఆగినవాడు గట్టుకి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. అడుగు అంటే ఏమిటో మొదట్లోనే చెప్పుకున్నాం. పాసంటేనే అడుగు!

ఏరు పొంగితే ఏం చేస్తాం? ఇవతలి గట్టు మీద కూర్చుని నీరు తీసేదాకా చూస్తాం, లేదా లోతు తక్కువున్న రేవు వెతుక్కుంటాం. పరీక్షకీ అలాంటి రేవులున్నాయి. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడతారు. తప్పిన సబ్జెక్టులే రాసుకుని ఆ ఏడాదే ఇంటరులో చేరవచ్చు. అదీ కుదరకపోతే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది పూర్తి చెయ్యవచ్చు. తప్పినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే, ఫీజు కట్టే ఆఖరు తేదీ దాటకముందే వాళ్ళ ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పండి. అది కూడా 'పాస్ ఆన్' చెయ్యడమే.

అలాగే పాసైనవాళ్ళకీ ఒక మాట. పాసవడమంటే చేరిపోవడం కాదు, ఒక ఏరు దాటడం. ముందు ఇంకో ఏరు ఉంటుంది.

అభ్యాసం

కింది వాక్యాలలో 'పాస్'కి అర్థం ఏమిటో పక్కమాటలని బట్టి చెప్పండి. నిఘంటువు చూడొద్దు.

అ) ది స్టార్మ్ పాస్డ్.
ఆ) పాస్ మి ది బుక్.
ఇ) వుయ్ క్రాస్డ్ ది పాస్ బిఫోర్ సన్‌సెట్.
ఈ) షో యువర్ పాస్ ఎట్ ది గేట్.
ఉ) షి పాస్డ్ అవుట్ ఇన్ ది హాట్ సన్.
ఊ) హి పాస్డ్ ఇన్ ఆల్ సబ్జెక్ట్స్.

జవాబులు: అ) తుఫాను దాటిపోయింది, తగ్గిపోయింది. ఆ) పుస్తకం ఇటు అందించు. ఇ) పొద్దుగూకకముందే కనుమ దాటాం. ఈ) గేటు దగ్గర చీటీ చూపించు. ఉ) ఎండకి సొమ్మసిల్లి పడిపోయింది. (చదువు పూర్తి చేసిందని రాసినవాళ్ళు పై పాఠం మళ్ళీ చదవండి!) ఊ) అన్ని సబ్జెక్టులలోనూ గట్టెక్కాడు.

ఇంటి పని: మనలో కొందరి ఇళ్ళలో కువి మాట్లాడతారు, కొందరి ఇళ్ళలో ఆదివాసీ ఒరియా, కొందరి ఇళ్ళలో తెలుగు. మీ ఇంటి భాషలో ఏరు దాటడాన్ని ఏమంటారు? పరీక్ష పాసవడాన్ని ఏమంటారు? ఆ రెండు మాటలకీ చుట్టరికం ఉందా? అమ్మమ్మనో, తాతనో అడిగి, వాళ్ళు చెప్పినది చెప్పినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకు రండి. ఈ పత్రిక పక్కన ఒక తెల్లకాగితం అంటించాం. ఎవరికి తెలిసిన మాట వాళ్ళు, భాష పేరుతో సహా దాని మీద రాయండి.